ఫ్లాష్ మెమరీ కమాండ్ లైన్ టూల్స్ మెయింటైన్ చేయడం ఎలా: బెంచ్ సర్దుకోవడం నుంచి రిలీజ్ దాకా

ఎంటీడీ-యుటిల్స్, ఎంఎంసీ-యుటిల్స్, ఫ్లాష్‌రామ్, ఎన్‌వీఎంఈ-సీఎల్‌ఐ లాంటి, ఫ్లాష్ చిప్‌లని చదివి, చెరిపి, రాసే ఓపెన్ సోర్స్ టూల్స్‌తో రోజూ పని చేసే తెలుగు ఇంజినీర్లు బెంగళూరులో చాలామందే ఉన్నారు. ప్యాచ్ పంపడం చాలామందికి తెలుసు. కానీ ఎవరో వదిలేసిన టూల్ చేతికొచ్చినప్పుడు, లేదా ఆఫీసులో మార్చుకుని వాడుతున్న కాపీ బాధ్యత మీద పడినప్పుడు, ఏ పని ముందు, ఏది తర్వాత అన్న ప్రశ్న పదేపదే వస్తోంది. ఈ గైడ్ దాని కోసమే.

మామూలు టూల్‌లో బగ్ ఉంటే సరిదిద్ది మళ్ళీ నడిపితే సరిపోతుంది. ఇక్కడ తప్పు కమాండ్ ఒక్కసారి చిప్‌లోకి వెళ్ళిందంటే కొన్నిసార్లు దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరివల్లా కాదు. అందుకే ప్రతి మార్పూ మూడు చోట్ల నెగ్గాలి: ముందు సిమ్యులేటర్, తర్వాత పోయినా ఫర్వాలేదనుకుని కొన్న చిప్, ఆ తర్వాతే అసలు బోర్డు. ఈ వరుస తప్పితే మిగతా జాగ్రత్తలు ఎన్ని తీసుకున్నా లాభం లేదు.

1. టూల్ ఏ రకం ఫ్లాష్‌తో మాట్లాడుతుందో తేల్చుకోండి

అన్నింటినీ కలిపి ఫ్లాష్ అంటాం గానీ, టూల్ రాసేవాళ్ళకి ఇవి మూడు వేర్వేరు లోకాలు.

రా నాండ్: లోపల కంట్రోలర్ లేని చిప్. చెడిపోయిన బ్లాకులు, బిట్లు తిరగబడటం, ఈసీసీ (తప్పు బిట్లని సరిచేసే కోడ్), అన్నీ టూల్‌కి నేరుగా కనిపిస్తాయి. పేజీల వారీగా రాయాలి, బ్లాకుల వారీగా చెరపాలి. చెరిపిన చోట ప్రతి బైటూ హెక్స్‌లో ఎఫ్ఎఫ్, అంటే అన్ని బిట్లూ 1, అవుతుంది.

ఎస్పీఐ నార్: బయోస్, రౌటర్ ఫర్మ్‌వేర్ ఉండే ఎనిమిది కాళ్ళ చిప్. సాధారణంగా 4 కేబీ సెక్టార్లలో గానీ 64 కేబీ బ్లాకుల్లో గానీ చెరుపుతారు. మూడు బైట్ల అడ్రస్‌తో 16 ఎంబీ వరకే చేరగలం. అంతకన్నా పెద్ద చిప్ అయితే నాలుగు బైట్ల అడ్రస్ కావాలి. ఈ సరిహద్దు దగ్గర బగ్‌లు ఎక్కువ.

ఈఎంఎంసీ, ఎన్‌వీఎంఈ: లోపల కంట్రోలర్ ఉంటుంది కాబట్టి చెడ్డ బ్లాకుల గొడవ మనకు కనిపించదు. ఇక్కడ టూల్ పని రిజిస్టర్లు చదవడం, సెట్టింగులు మార్చడం. ప్రమాదమంతా ఆ సెట్టింగుల్లోనే.

2. బెంచ్ సర్దుకోవడం

బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డుకి ఒకసారి వెళ్తే కావలసినవి దాదాపు అన్నీ దొరుకుతాయి. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి, శనివారం వెళ్ళండి.

☐ సీహెచ్341ఏ యూఎస్‌బీ ప్రోగ్రామర్, ఎనిమిది కాళ్ళ టెస్ట్ క్లిప్, 1.8 వోల్టుల అడాప్టర్
☐ డబ్ల్యూ25క్యూ64 లాంటి 8 ఎంబీ విడి చిప్‌లు కనీసం నాలుగు, 32 ఎంబీ చిప్ ఒకటి
☐ 3.3 వోల్టుల యూఎస్‌బీ సీరియల్ కేబుల్
☐ బీగిల్‌బోన్ బ్లాక్ లాంటి బోర్డు, లేదా విడదీసి పెట్టుకోగలిగే ఈఎంఎంసీ మాడ్యూల్, దానికి మైక్రోఎస్‌డీ అడాప్టర్
☐ మల్టీమీటర్, సప్లైని మధ్యలో తెంచడానికి ఒక రిలే

సీహెచ్341ఏ నల్ల బోర్డుల్లో చాలావాటికి ఒక లోపం ఉంది. చిప్‌కి 3.3 వోల్టులే ఇస్తున్నా, డేటా లైన్ల మీద 5 వోల్టులు వస్తాయి. కొనగానే మీటర్ పెట్టి డేటా కాళ్ళ దగ్గర వోల్టేజీ చూడండి. 5 ఉంటే బోర్డు మీద ఐసీ సప్లైని 3.3కి మార్చాలి, లేదా వోల్టేజీ సరిగా ఉన్న మరో ప్రోగ్రామర్ తీసుకోవాలి. 1.8 వోల్టుల చిప్‌ని అడాప్టర్ లేకుండా తగిలిస్తే చిప్ దెబ్బతింటుంది.

ఎక్కువమంది తడబడే విషయం ఇంకొకటి. మైక్రోఎస్‌డీ కార్డుని యూఎస్‌బీ రీడర్‌లో పెట్టి ఎంఎంసీ-యుటిల్స్ నడిపితే పని చేయదు. యూఎస్‌బీ రీడర్ కార్డుని మామూలు డిస్క్‌లా చూపిస్తుంది, ఎంఎంసీ కమాండ్లు కార్డు దాకా వెళ్ళవు. కెర్నల్‌కి అది ఎంఎంసీ బ్లాక్ డివైస్‌గా కనిపించాలి. అంటే బోర్డు మీద ఉన్న స్లాట్ గానీ, పీసీఐ మీద కూర్చున్న ల్యాప్‌టాప్ రీడర్ గానీ కావాలి.

టెస్ట్ కోసం కొన్న మెమరీ కార్డుని బెంచ్ మీద పెట్టేముందు ఎఫ్3 టూల్‌తో పూర్తిగా రాసి చదవండి. కార్డు మీద రాసిన సైజు, లోపల నిజంగా ఉన్న సైజు వేరైతే, లేని బగ్ కోసం మీ కోడ్‌లో రోజుల తరబడి వెతుకుతారు.

3. సిమ్యులేటర్ మీద మొదటి మెట్టు

రా నాండ్‌కి లైనక్స్ కెర్నల్‌లోనే నాండ్‌సిమ్ అనే మాడ్యూల్ ఉంది. ర్యామ్‌లోనే ఒక నాండ్ చిప్‌ని సృష్టిస్తుంది. ఐడీ బైట్లుగా హెక్స్‌లో 20, ఏఏ, 00, 15 ఇస్తే 2048 బైట్ల పేజీలతో 256 ఎంబీ చిప్ వస్తుంది. మీ ల్యాప్‌టాప్ కెర్నల్ మీద కాకుండా క్యూఈఎంయూ వర్చువల్ మెషీన్‌లో లోడ్ చేయండి. మాడ్యూల్ తేడా చేస్తే పోయేది వర్చువల్ మెషీన్ ఒక్కటే.

ఆరోగ్యంగా ఉన్న చిప్ మీద అన్ని టూల్సూ పాసవుతాయి. నాండ్‌సిమ్ అసలు విలువ చిప్‌ని కావాలని పాడుచేయగలగడంలో ఉంది. ఈ ఐదు పారామీటర్లూ విడివిడిగా పెట్టి టెస్టులు రాయండి.

☐ బ్యాడ్‌బ్లాక్స్: మొదటి నుంచే చెడ్డ బ్లాకులు. 5, 77 అని ఇచ్చి, టూల్ వాటిని దాటుకుని పోతుందా చూడండి.
☐ వీక్‌బ్లాక్స్: 113:2 అంటే 113వ బ్లాక్ రెండుసార్లు చెరిగాక ఫెయిలవుతుంది.
☐ వీక్‌పేజెస్: ఇది రాయడానికి. ఇచ్చిన సంఖ్య దాటితే పేజీ రాయడం ఫెయిలవుతుంది.
☐ గ్రేవ్‌పేజెస్: ఇన్నిసార్లు చదివాక డేటా పోయే పేజీలు.
☐ బిట్‌ఫ్లిప్స్: పేజీకి గరిష్ఠంగా ఎన్ని బిట్లు తిరగబడాలో. 1తో మొదలుపెట్టండి.

ప్రతి టెస్టులోనూ మెసేజ్ కన్నా ముందు ఎగ్జిట్ కోడ్ (టూల్ ముగిసేటప్పుడు తిప్పి పంపే సంఖ్య, సున్నా అంటే అంతా బాగుందని) చూడండి. స్క్రీన్ మీద ఎర్రర్ ముద్రించి, చివర్లో సున్నా తిప్పి పంపే టూల్ కంటే ప్రమాదకరమైంది లేదు. పీణ్యాలోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో ప్రొడక్షన్ లైన్ మీద స్క్రిప్ట్ ఆ సున్నాని నమ్మి బోర్డుని ప్యాకింగ్‌కి పంపేస్తుంది. స్క్రీన్ చూసేవాళ్ళు అక్కడ ఎవరూ ఉండరు.

ఎస్పీఐ నార్‌కి ఫ్లాష్‌రామ్‌లో డమ్మీ ప్రోగ్రామర్ ఉంది. ఎన్‌వీఎంఈకి క్యూఈఎంయూలోనే ఎమ్యులేటెడ్ డ్రైవ్ దొరుకుతుంది.

4. చదవడం ఒక ఫంక్షన్, అర్థం చెప్పడం ఇంకో ఫంక్షన్

పాత టూల్ చేతికొస్తే మొదటి రీఫ్యాక్టరింగ్ ఇదే కావాలి. డివైస్ నుంచి బైట్లు తెచ్చే కోడ్, ఆ బైట్లకి అర్థం చెప్పి ముద్రించే కోడ్ సాధారణంగా ఒకే ఫంక్షన్‌లో ఉంటాయి. విడదీయండి.

ఈఎంఎంసీలో ఎక్స్‌టెండెడ్ సీఎస్‌డీ అనే రిజిస్టర్ 512 బైట్లు. డీకోడ్ చేసే ఫంక్షన్ ఆ 512 బైట్లని ఫైల్ నుంచి తీసుకోగలిగితే, యూజర్లు పంపిన డంప్‌లన్నీ టెస్ట్ ఫోల్డర్‌లో చేర్చుకోవచ్చు. మీ దగ్గర లేని చిప్‌కి కూడా అప్పుడు టెస్ట్ ఉంటుంది.

డీకోడ్‌లో తరచూ దొర్లే తప్పులు:

ఆయుష్షు అంచనా చెప్పే 268, 269 బైట్లు. 1 అంటే 0 నుంచి 10 శాతం వాడినట్టు, హెక్స్ 0ఏ అంటే 90 నుంచి 100, హెక్స్ 0బీ అంటే అంచనా దాటిపోయినట్టు. 0 వస్తే ‘నిర్వచించలేదు’ అని అర్థం. దాన్ని ‘0 శాతం వాడారు’ అని ముద్రిస్తే ముసలి చిప్ కొత్త చిప్ అయిపోతుంది.

192వ బైట్ వెర్షన్ చెబుతుంది: 7 అంటే 5.0, 8 అంటే 5.1. ఒక ఫీల్డ్ ఏ వెర్షన్‌లో వచ్చిందో చూసుకోకుండా పాత చిప్ మీద ముద్రించకూడదు.

ఆర్‌పీఎంబీ (కీ ఉంటేనే రాయనిచ్చే ఈఎంఎంసీ భాగం) ఫ్రేమ్‌లో సంఖ్యలు బిగ్ ఎండియన్ (పెద్ద విలువ బైట్ ముందు), ఎక్స్‌టెండెడ్ సీఎస్‌డీలో లిటిల్ ఎండియన్ (చిన్న విలువ బైట్ ముందు). ఒకదాని కోడ్ ఇంకోదానికి కాపీ కొడితే తప్పే.

ఎన్‌వీఎంఈలో మోడల్ పేరు 40 బైట్లు, సీరియల్ 20 బైట్లు. చివర్లో ఖాళీలు ఉంటాయే తప్ప సున్నా బైట్ ఉండదు. మామూలు స్ట్రింగ్‌లా ముద్రిస్తే పక్క ఫీల్డ్ కూడా వచ్చేస్తుంది. ఉష్ణోగ్రత కెల్విన్‌లో వస్తుంది.

5. 16384వ బ్లాక్ దగ్గర ఏం జరుగుతుంది

ఈ ఒక్క బగ్‌ని దగ్గర నుంచి చూస్తే ఈ టూల్స్ స్వభావం అర్థమవుతుంది.

బ్లాక్ నంబర్‌ని బ్లాక్ సైజుతో గుణిస్తే చెరపాల్సిన చోటు వస్తుంది. బ్లాక్ 128 కేబీ అంటే 131072 బైట్లు. 16383వ బ్లాక్ వరకు అంతా బాగుంటుంది. 16384ని 131072తో గుణిస్తే సరిగ్గా 2 జీబీ. సైన్ ఉన్న 32 బిట్ల ఇంటీజర్‌లో ఆ సంఖ్య పట్టదు. మామూలుగా అది నెగటివ్ అవుతుంది. దాన్ని తర్వాత 64 బిట్లలోకి మార్చినా నెగటివ్‌గానే ఉండిపోతుంది. సైన్ లేని ఇంటీజర్ అయితే పరిస్థితి ఇంకా ఘోరం: 4 జీబీ దగ్గర మళ్ళీ సున్నాకి వస్తుంది, అంటే చివరి భాగం చెరపమంటే బూట్‌లోడర్ చెరిగిపోతుంది.

పరిష్కారం: గుణకారానికి ముందే ఒక సంఖ్యని 64 బిట్లకి మార్చాలి. గుణించాక మార్చినా ఉపయోగం లేదు.

ఇదే జబ్బు కెర్నల్ ఇంటర్‌ఫేస్‌లో కూడా ఉంది. చిప్ వివరాలు అడిగే మెమ్‌గెట్‌ఇన్ఫో కాల్ ఇచ్చే సైజు 32 బిట్లదే, చెరిపే మెమ్‌ఎరేజ్ కాల్ తీసుకునే అడ్రస్ కూడా అంతే. పెద్ద చిప్‌లకి సైజుని సిస్‌ఎఫ్‌ఎస్ (డివైస్ వివరాలని కెర్నల్ ఫైళ్ళుగా చూపించే చోటు) నుంచి చదవాలి, చెరపడానికి మెమ్‌ఎరేజ్64 వాడాలి.

టెస్ట్ చేయడానికి 4 జీబీ చిప్ కొననక్కర్లేదు. నాండ్‌సిమ్‌లో ఓవర్‌రైడ్‌సైజ్ పారామీటర్ రెండు ఘాతంగా బ్లాకుల సంఖ్య తీసుకుంటుంది. 15 ఇస్తే 32768 బ్లాకులు. ర్యామ్ చాలకపోతే క్యాష్‌ఫైల్ పారామీటర్‌తో డిస్క్ మీద ఫైల్ ఇవ్వండి. 16383, 16384, 32767 బ్లాకుల మీద విడిగా చెరిపి, సున్నా బ్లాక్ చెక్కుచెదరలేదని ప్రతిసారీ సరిచూడండి.

6. వెనక్కి తీసుకోలేని కమాండ్లకి కాపలా

ఈఎంఎంసీలో కొన్ని సెట్టింగులు జీవితంలో ఒక్కసారే రాయగలం. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. టూల్ కోడ్‌లో ఇలాంటివన్నీ వెతికి ఒక జాబితా రాసుకోండి.

☐ ఎన్‌హాన్స్‌డ్ ఏరియా, జనరల్ పర్పస్ పార్టిషన్లు: 155వ బైట్‌లో ‘పార్టిషన్ సెట్టింగ్ పూర్తయింది’ బిట్ రాశాక మార్చలేం
☐ హార్డ్‌వేర్ రీసెట్ ఫంక్షన్: 162వ బైట్, ఒక్కసారే
☐ ఆర్‌పీఎంబీ కీ: 32 బైట్లు, ఒక్కసారే
☐ శాశ్వత రైట్ ప్రొటెక్ట్
☐ శానిటైజ్, ఎన్‌వీఎంఈ ఫార్మాట్: సెట్టింగ్ పోదు గానీ డేటా పోతుంది

ఈ జాబితాలో ఉన్న ప్రతి కమాండ్ రాసేముందు ప్రస్తుత విలువ చదవాలి. అప్పటికే అదే విలువ ఉంటే ఏమీ రాయకుండా ఆగాలి. ఏ డివైస్ మీద ఏం మారబోతోందో చూపించాలి. స్పష్టంగా ఒప్పుకునే ఆప్షన్ ఇవ్వకపోతే డ్రై రన్‌గానే, అంటే ఏమీ రాయకుండా చూపించడం వరకే, మిగలాలి. రాశాక మళ్ళీ చదివి సరిపోల్చాలి.

బ్లాక్ డివైస్‌ని ఎక్స్‌క్లూజివ్ ఫ్లాగ్‌తో తెరిస్తే, మౌంట్ అయి ఉన్నప్పుడు కెర్నలే బిజీ అని తిప్పికొడుతుంది. ఒక్క ఫ్లాగ్‌తో వచ్చే ఈ రక్షణని వదులుకోవద్దు.

‘అవునా, కాదా’ అని కీబోర్డు నుంచి అడిగే ప్రశ్నలు పెట్టకండి. స్క్రిప్ట్‌లో ఆ ప్రశ్న దగ్గర లైన్ మొత్తం ఆగిపోతుంది, లేదా ఎవరో ఎప్పుడూ అవునని జవాబిచ్చే పైప్ తగిలిస్తారు. ఆప్షన్ అయితే స్క్రిప్ట్ రాసినవాళ్ళ సమ్మతి స్క్రిప్ట్‌లోనే కనిపిస్తుంది.

7. అసలు చిప్ మీద

ఎస్పీఐ చిప్‌తో వరుస ఇలా ఉండాలి:

ముందు ఐడీ చదవండి. డబ్ల్యూ25క్యూ64కి హెక్స్‌లో ఈఎఫ్ 40 17 రావాలి. అన్నీ ఎఫ్ఎఫ్ గానీ, అన్నీ సున్నాలు గానీ వస్తే క్లిప్ సరిగా పట్టలేదు.

తర్వాత చిప్ మొత్తాన్ని రెండుసార్లు రెండు ఫైళ్ళలోకి చదివి చెక్‌సమ్ పోల్చండి. వేరుగా వస్తే రాసే ప్రయత్నమే చేయొద్దు. వైర్లు పొట్టివి చేయండి, వేగం తగ్గించండి. బోర్డు మీదే ఉన్న చిప్ అయితే, బోర్డులో మిగతా భాగాలు ప్రోగ్రామర్ కరెంటుని లాగేస్తున్నాయేమో చూడండి. చిప్‌ని విప్పి సాకెట్‌లో పెడితే చాలాసార్లు సమస్య తీరిపోతుంది.

మొదటి బ్యాకప్ భద్రపరిచాకే రాయండి.

రా నాండ్ బోర్డు మీద యూబీఐ (చెడ్డ బ్లాకులు, అరుగుదల చూసుకునే కెర్నల్ పొర) ఉంటే ఫ్లాష్‌ఎరేజ్‌తో చెరపకండి. ప్రతి బ్లాక్ మొదట్లో యూబీఐ దాచుకున్న ఎరేజ్ లెక్క పోతుంది, ఏ బ్లాక్ ఎంత అరిగిందో దానికి తెలియకుండా పోతుంది. యూబీఐఫార్మాట్ ఆ లెక్కని కాపాడుతూ చెరుపుతుంది. మీ టూల్ హెల్ప్ టెక్స్ట్‌లో ఈ ముక్క ఉండేలా చూడండి.

కరెంటు పోయే టెస్ట్ కూడా చేయాలి. రాస్తుండగా రిలేతో సప్లై తెంచి, మళ్ళీ పెట్టి, యూబీఐ అటాచ్ అవుతుందా, డేటా సరిపోతుందా చూసే స్క్రిప్ట్ రాత్రంతా నడపండి. తెంచే సమయం ప్రతిసారీ మారాలి. కంప్యూటర్‌ని మాత్రం యూపీఎస్ మీద ఉంచండి, లేకపోతే టెస్ట్ తెంచిందో వీధిలో కరెంటు పోయిందో లాగ్‌లో తేలదు.

8. బగ్ రిపోర్టులో ఏం అడగాలి

☐ టూల్ వెర్షన్, కెర్నల్ వెర్షన్, ప్రాసెసర్ రకం
☐ కొట్టిన కమాండ్ యథాతథంగా, దాని పూర్తి అవుట్‌పుట్, ఎగ్జిట్ కోడ్
☐ నాండ్ అయితే ఎంటీడీఇన్ఫో అవుట్‌పుట్. ఈఎంఎంసీ అయితే 512 బైట్ల రా డంప్
☐ అదే సమయంలో కెర్నల్ లాగ్

ఈఎంఎంసీ సీఐడీ రిజిస్టర్‌లో చిప్ సీరియల్ నంబర్ ఉంటుంది. అందరికీ కనిపించే చోట అది పెట్టొద్దని టెంప్లేట్‌లోనే చెప్పండి.

వచ్చే రిపోర్టుల్లో చాలావరకు టూల్ తప్పు ఉండదు. ‘ఇమేజ్ రాశాను, మౌంట్ కావట్లేదు’ అన్నదానికి జవాబు తరచూ ఒక తీసివేతలో ఉంటుంది. 131072 బైట్ల బ్లాక్, 2048 బైట్ల పేజీ ఉంటే, యూబీఐ రెండు హెడర్లకీ చెరో పేజీ పోయాక మిగిలేది 126976. 512 బైట్ల సబ్‌పేజీలు వాడే చోట రెండు హెడర్లూ ఒకే పేజీలో ఇమిడిపోతాయి, మిగిలేది 129024. నాండ్‌సిమ్ మీద 129024తో తయారుచేసిన ఇమేజ్‌ని 126976 కావాల్సిన బోర్డులో రాస్తే మౌంట్ కాదు. రిపోర్టు రాగానే ఈ రెండు సంఖ్యలూ అడగండి.

ఇంకొకటి, చిప్‌లో ఉన్నది ఫైల్‌లోకి తీసే నాండ్‌డంప్ గురించి. చెడ్డ బ్లాకులని వదిలేసి తీసిన డంప్, వాటి చోట ఎఫ్ఎఫ్ నింపి తీసిన డంప్, రెండూ వేర్వేరు ఫైళ్ళు. మొదటిదాంట్లో చెడ్డ బ్లాక్ తర్వాత అడ్రస్‌లన్నీ ఒక బ్లాక్ ముందుకు జరుగుతాయి. ఎలా తీశారో తెలియకుండా డంప్ మీద సమయం పెట్టొద్దు.

9. ప్యాచ్ తీసుకునే ముందు

☐ సైన్ ఆఫ్ లైన్ (ఈ కోడ్ ఇచ్చే హక్కు తనకుందని రాసినవాళ్ళ సంతకం) ఉందా
☐ వేరే ప్రాజెక్ట్ నుంచి తెచ్చిన కోడ్ అయితే లైసెన్స్ సరిపోతుందా
☐ 32 బిట్, 64 బిట్ రెండింటిలోనూ బిల్డ్ అయిందా. అడ్రస్, అన్‌డిఫైన్డ్ బిహేవియర్ శానిటైజర్లతో (నడుస్తుండగా తప్పులు పట్టే కంపైలర్ తనిఖీలు) టెస్టులు నడిచాయా
☐ గ్లిబ్‌సీతో పాటు మజిల్ అనే ఇంకో సీ లైబ్రరీ మీద బిల్డ్ అయిందా
☐ బిగ్ ఎండియన్ మెషీన్‌ని క్యూఈఎంయూలో పెట్టి డీకోడ్ టెస్టులు నడిచాయా
☐ రైట్ కాల్ అడిగినన్ని బైట్లు రాయకపోతే ఏం చేస్తుంది

మజిల్ గురించి ఒక మాట: రౌటర్లకి వాడే సిస్టమ్‌లు కొన్ని దీని మీదే ఉంటాయి. మజిల్‌లో ఐఓసీటీఎల్ (డివైస్‌కి కమాండ్ పంపే కాల్) రెండో ఆర్గ్యుమెంట్ ఇంటీజర్, గ్లిబ్‌సీలో అన్‌సైన్డ్ లాంగ్. అందుకే వార్నింగులు వస్తాయి. వార్నింగు ఆపేయడానికి కంపైలర్ ఆప్షన్ చేర్చే ప్యాచ్ వస్తే ఆ రూపంలో తీసుకోకండి, టైప్ సరిచేయమని అడగండి.

కొత్త చిప్ ఐడీ చేర్చే ప్యాచ్‌కి ‘చదవడం, చెరపడం, రాయడం మూడూ అసలు చిప్ మీద చేశాను’ అనే మాట కమిట్ మెసేజ్‌లో ఉండాలి. డేటాషీట్ చూసి చేర్చినదైతే టెస్ట్ కాలేదనే గుర్తుతోనే చేర్చండి.

10. రిలీజ్

రిలీజ్‌కి ముందు అవుట్‌పుట్ మార్పులు చూడండి. మీరు అందంగా ఉంటుందని ఒక ఖాళీ చేరిస్తే, దాన్ని గ్రెప్ చేస్తున్న ఫ్యాక్టరీ స్క్రిప్ట్ విరుగుతుంది. మనుషులు చదివే అవుట్‌పుట్ కూడా ఎవరో ఒకరి స్క్రిప్ట్‌లో ఉంటుందనే లెక్కతోనే నడవండి. స్క్రిప్ట్‌లు చదవడానికి విడిగా జేసన్ అవుట్‌పుట్ ఇవ్వండి. అందులో ఫీల్డులు చేర్చవచ్చు, ఉన్నవాటి పేరు మార్చకూడదు.

ఆప్షన్‌కి డిఫాల్ట్ మార్చాలంటే ఒక రిలీజ్‌లో హెచ్చరిక, తర్వాతి రిలీజ్‌లో మార్పు. ఎర్రర్ కోడ్‌లకీ అంతే.

☐ చేంజ్‌లాగ్‌లో డేటా పోగొట్టే బగ్‌ల సవరణలు అన్నిటికన్నా పైన, ఏ వెర్షన్ నుంచి ఆ బగ్ ఉందో సహా
☐ మ్యాన్ పేజీ, హెల్ప్ టెక్స్ట్, కోడ్ మూడూ ఒకే మాట చెబుతున్నాయా
☐ గిట్ లేని ఖాళీ మెషీన్‌లో టార్‌బాల్ (సోర్స్ కోడ్ ప్యాక్ చేసిన ఫైల్) నుంచి బిల్డ్; వెర్షన్ నంబర్ సరిగా వస్తోందా
☐ నాండ్‌సిమ్ టెస్టులు, డంప్ టెస్టులు, బెంచ్ మీద ఒక పూర్తి చుట్టు
☐ సంతకం చేసిన ట్యాగ్

ట్యాగ్ పెట్టాక తప్పు కనిపిస్తే దాన్ని తొలగించి అదే పేరుతో మళ్ళీ పెట్టకండి. డిస్ట్రో ప్యాకేజీలు చెక్‌సమ్‌తో ఆ టార్‌బాల్‌ని అప్పటికే పట్టుకుని ఉంటాయి, మీరు మార్చిన ఫైల్ వాటికి దాడిలా కనిపిస్తుంది. 2.3లో తప్పుంటే 2.3.1 ఇవ్వండి. ఆ తప్పు చిప్ మీద డేటాని పాడుచేసేదైతే 2.3 వాడొద్దని చేంజ్‌లాగ్ మొదటి లైన్‌లో రాసి, ప్యాకేజీ చూసుకునేవాళ్ళకి అదే రోజు విడిగా మెయిల్ పంపండి.